బాపు వీలునామా మామ దగ్గర ఉంది, లెక్క అడిగితే తప్పా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు చదువుతుంటే ఒకే మాట మళ్లీ మళ్లీ తగిలింది: "అడిగితే ఏమనుకుంటారో". వీలునామాలో వాటా రాసి ఉంటుంది. ఆ వాటా ఎంతో, ఎక్కడుందో, ఎవరి చేతిలో ఉందో మాత్రం తెలియదు. నెలల తరబడి అలాగే కూర్చుంటున్నారు, ముఖ్యంగా ఆడబిడ్డలు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ ఒక్క విషయం మీదే రాస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు ఎక్కడా ఇవ్వలేదు.

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, నన్ను దేవరకొండ వైపు ఇచ్చారు. బాపు పోయి ఎనిమిది నెలలైంది. ఆయన రిజిస్టర్ వీలునామా రాసి మా మేనమామను ఎగ్జిక్యూటర్‌గా (వీలునామాను అమలు చేసే మనిషిగా) పెట్టారని అందరికీ తెలుసు, కానీ ఆ కాగితం నేను కళ్లతో చూడలేదు. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల పొలం, నల్లగొండలో ఒక ప్లాటు, బ్యాంకులో డిపాజిట్లు, అమ్మ బంగారం ఉన్నాయి. పొలం కౌలుకిచ్చారు, వానాకాలం వడ్లు అమ్మారు కూడా. అడిగితే మామ "నేను చూసుకుంటున్నా కదా, నీకెందుకమ్మా టెన్షన్" అంటాడు. మా అన్నేమో "నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అంటున్నాడు. నాకు అడిగే హక్కుందా?

జవాబు: ఉంది తల్లీ. మీ మామ మంచివాడా కాదా అన్నది నాకు తెలియదు, ఈ ప్రశ్నకు అది అవసరం కూడా లేదు. మంచివాడైనా లెక్క చెప్పాలి. భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం చనిపోయిన మనిషి ఆస్తి ఎగ్జిక్యూటర్ చేతికి వస్తుంది, కానీ అనుభవించడానికి కాదు, అప్పులు తీర్చి, వీలునామాలో ఎవరి పేర్లు ఉన్నాయో వాళ్లకు పంచి ఇవ్వడానికి. ఆయన నిర్లక్ష్యం వల్లగానీ, డబ్బు దారి మళ్లించడం వల్లగానీ ఆస్తికి నష్టం వస్తే అది ఆయనే కట్టుకోవాలని కూడా అదే చట్టం చెబుతుంది. ఇంత బాధ్యత ఉన్న మనిషిని లెక్క అడగడం ఆయన్ను దొంగ అనడం కాదు. ఈ మాట మీ ఇంట్లో గట్టిగా చెప్పండి, ఎందుకంటే సగం గొడవలు ఇక్కడే, "అనుమానిస్తున్నావా" అన్న చోటే మొదలవుతాయి.

ముందు వీలునామా నకలు తెచ్చుకోండి. మామ ఇస్తేనే చూడాలని లేదు. రిజిస్టర్ అయిన వీలునామాలను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 3వ నంబరు పుస్తకంలో ఎక్కిస్తారు. రాసిన మనిషి బతికున్నంత కాలం ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప ఇంకెవరికీ నకలు ఇవ్వరు. చనిపోయాక మాత్రం దరఖాస్తు పెట్టుకున్న ఎవరికైనా ఇవ్వాలి, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. మరణ ధృవీకరణ పత్రం, మీ ఆధార్ తీసుకుని వెళ్లండి. ఏ ఆఫీసులో రిజిస్టర్ చేశారో తెలియకపోతే మిర్యాలగూడ, నల్లగొండ రెండు చోట్లా బాపు పేరు మీద వెతికించండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే వీలునామా కనిపిస్తుందని కొందరు అనుకుంటారు, కనిపించదు. ఈసీలో వచ్చేవి అమ్మకాలు, తాకట్లు, గిఫ్టుల్లాంటివి. అయినా నల్లగొండ ప్లాటుకు ఈసీ తీయండి, ఈ ఎనిమిది నెలల్లో దాన్ని ఎవరి పేరునైనా మార్చారేమో తెలుస్తుంది.

నకలు చేతికొచ్చాక మామకు ఉత్తరం రాయండి. ఫోన్లో కాదు, పెళ్లిలోనో దశదిన కర్మలోనో నలుగురి ముందు అడగడం అసలే కాదు. కాగితం మీద, మర్యాదగా, అందినట్టు రసీదు వచ్చేలా పోస్టులో పంపండి, ఒక జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి. ఇలా రాస్తే చాలు:

"మామయ్యకు నమస్కారం. బాపు వీలునామాలో మీరు ఎగ్జిక్యూటర్, నేను వాటాదారును. బాపు పోయిన నాటికి ఉన్న భూమి, ప్లాటు, డిపాజిట్లు, బంగారం, ఆయనకు రావాల్సిన బాకీలు, ఆయన ఇవ్వాల్సిన అప్పులు ఏవేవో రాసి ఇవ్వండి. ఆ రోజు నుంచి ఇప్పటివరకు వచ్చిన కౌలు, వడ్ల పైసలు, వడ్డీ ఎంత, దేనికెంత ఖర్చయింది, మిగిలింది ఏ ఖాతాలో ఉంది అన్నది కూడా రాయండి. నా వాటా ఎప్పటికల్లా అప్పగిస్తారో చెప్పండి. నెల రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

ఇందులో ఒక్క కోపపు మాట లేదు, ఉండకూడదు కూడా. రేపు కోర్టుదాకా వెళ్తే జడ్జి మొదట చదివేది ఈ కాగితమే.

జవాబు రాకపోతే ఏం చేయాలన్నది మామ ప్రొబేట్ తీసుకున్నాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రొబేట్ అంటే ఈ వీలునామా నిజమైనదే, ఈయనే ఎగ్జిక్యూటర్ అని కోర్టు ఇచ్చే ధృవీకరణ. అది తీసుకున్న ఎగ్జిక్యూటర్ 6 నెలల్లో ఆస్తులు, అప్పుల పూర్తి జాబితా కోర్టుకు ఇవ్వాలి, ఏడాదిలోపు ఏం చేతికొచ్చింది, దాన్ని ఏం చేశాడు అనే లెక్క దాఖలు చేయాలి. 1925 వారసత్వ చట్టం 317వ సెక్షన్ ఇదే. కోర్టు గడువు పెంచవచ్చు, కానీ కోర్టు ఇమ్మన్నాక కావాలని ఎగ్గొడితే, తప్పుడు జాబితా ఇస్తే అది నేరం. సరైన కారణం లేకుండా జాబితా, లెక్కలు ఇవ్వకపోతే ఇచ్చిన ప్రొబేట్‌ను రద్దు చేయమని అదే చట్టం 263వ సెక్షన్ కింద మీరు అడగవచ్చు. ఎగ్జిక్యూటర్‌ను తప్పించే అధికారం హైకోర్టుకు ఉంది.

అయితే మన నల్లగొండ, పాలమూరు ఆస్తులకు హిందువుల వీలునామా మీద ప్రొబేట్ తప్పనిసరి కాదు, అందుకే చాలామంది తీసుకోరు. తీసుకోకపోతే ఆ 6 నెలలు, ఏడాది గడియారం దానంతటది మొదలుకాదు. ఇక్కడే చాలామంది మోసపోతారు, "ప్రొబేట్ లేదు కాబట్టి లెక్క లేదు" అని ఎవరో చెబితే నమ్మేస్తారు. అది తప్పు. ప్రొబేట్ లేకపోయినా వాటాదారు సివిల్ కోర్టులో ఆస్తి నిర్వహణ దావా వేసి లెక్కలు తేల్చమని, తన వాటా ఇప్పించమని అడగవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డర్ 13వ రూల్ ప్రకారం కోర్టు ముందు లెక్కలు తీయించి, ఆ తర్వాత తుది డిక్రీ ఇస్తుంది. ప్లాటు అమ్మేస్తారన్న భయముంటే అదే దావాలో ఇంజంక్షన్ అడగాలి. వాటా కోసం ఎగ్జిక్యూటర్ మీద దావా వేయడానికి వాటా చేతికి రావాల్సిన రోజు నుంచి 12 ఏళ్ల గడువుంది, కానీ దాన్ని చూసి ధీమాగా ఉండొద్దు. పదేళ్ల తర్వాత వడ్లు కొన్న రైస్ మిల్లు రసీదు ఎవరు దాచిపెడతారు?

ఒకటి మాత్రం మామ పక్షాన చెప్పాలి. బాపు పోయిన నాటి నుంచి ఏడాది గడిచేదాకా వాటాలు పంచి తీరాలన్న నిర్బంధం ఎగ్జిక్యూటర్‌కు లేదు. ఎనిమిది నెలలే అయింది కాబట్టి "నా వాటా ఇప్పుడే ఇవ్వు" అని ఒత్తిడి చేయలేరు. "ఏముందో, ఏమైందో చెప్పు" అని అడగడానికి మాత్రం ఏడాది ఆగాల్సిన పనిలేదు.

మీ అన్న అన్న మాటకొస్తే, పసుపు కుంకుమ కింద పెళ్లప్పుడు ఇచ్చింది వేరు, బాపు తన చేతితో వీలునామాలో రాసింది వేరు. అది తీసుకున్నారు కాబట్టి ఇది పోయిందనడానికి వీల్లేదు, వీలునామాలో బాపు అలా రాస్తే తప్ప. ఇంకో మాట, ఆ నాలుగెకరాలు తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే బాపు తన వంతు మాత్రమే వీలునామాలో రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కుందని, 2005లో తండ్రి బతికున్నాడా లేదా అన్నదానితో పనిలేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. కాబట్టి పాత పహాణీలు (భూమి రికార్డులు) తీయించి ఆ భూమి బాపు కొన్నదా, వచ్చిందా చూసుకోండి. ఒక్కోసారి వీలునామాలో రాసినదానికంటే మీకు రావాల్సింది ఎక్కువే ఉంటుంది.

లాయరు ఖర్చుకు భయపడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. నల్లగొండ జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే మామను పిలిపించి మాట్లాడించే ఏర్పాటు కూడా వాళ్ల దగ్గర ఉంది. మీ విషయంలో ముందు అదే ప్రయత్నించండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ను, జడ్చర్ల. మా తోడల్లుడు పోతూ పోతూ నన్ను ఎగ్జిక్యూటర్‌గా పెట్టిపోయాడు. ఆయన పిల్లలు హైదరాబాద్ నుంచి రోజూ ఫోన్లు, "బాబాయ్, ఎంతొచ్చింది, ఎంతపోయింది" అని. ఒక్క రూపాయి ముట్టుకోలేదు, అయినా దోషిలా నిలబెడుతున్నారు. నేనేం చూపించాలి, ఏం చూపించక్కర్లేదు?

జవాబు: మాస్టారూ, మీ బాధ అర్థమైంది. నమ్మకం ఉంది కాబట్టే ఆయన మీ పేరు రాశారు. ఆ పిల్లలు అడుగుతున్నది కూడా అన్యాయం కాదు, వాళ్ల నాన్న సంపాదన గురించే కదా. రోజూ ఫోన్లు ఆగాలంటే వాళ్లు అడగకముందే మీరు చెప్పాలి. మూడు నెలలకోసారి ఒక పేజీ లెక్క రాసి అందరికీ ఒకే రోజు, ఒకే కాగితం పంపండి. ఒకరికి ఫోన్లో చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే అక్కడే నిప్పు రాజుకుంటుంది.

ఆయన డబ్బు మీ సొంత ఖాతాలో కలపొద్దు, ఒక్క రోజుకైనా సరే. విడిగా ఖాతా తెరవండి. ఒక లాంగ్ బుక్కు కొనండి, ఎడమ పేజీలో వచ్చింది, కుడి పేజీలో పోయింది, ప్రతి పద్దుకు ఒక నంబరు, అదే నంబరు రసీదు మీద ఎర్ర పెన్నుతో. అంత్యక్రియల టెంటు వాడికి ఇచ్చిన 4,000కు రసీదు లేకపోతే అతనితో చిన్న కాగితం మీద సంతకం చేయించుకోండి. రసీదు లేని ఖర్చే రేపు మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది.

డబ్బు ఇవ్వడంలో చట్టం చెప్పిన వరస ఉంది. ముందు అంత్యక్రియలు, చివరి జబ్బు ఖర్చులు, తర్వాత ప్రొబేట్ తీసుకుని ఉంటే ఆ కోర్టు ఖర్చులు, ఆ తర్వాత చనిపోయేముందు మూడు నెలల్లో పనిచేసిన కూలీలు, పనివాళ్ల జీతాలు, ఆ పైన మిగతా అప్పులు. వాటాలు వీటన్నిటి తర్వాతే. పిల్లల ఒత్తిడికి ముందే పంచేసి రేపు అప్పులవాడు వస్తే మీరు ఇరుక్కుంటారు. ఈ వరస వాళ్లకు కూడా రాసి పంపండి, ఆలస్యం ఎందుకో అర్థమవుతుంది.

ఇక చూపించక్కర్లేనివి కొద్దిగానే ఉన్నాయి. మీ సొంత పాస్‌బుక్కు చూపించాల్సిన పనిలేదు. వాళ్లలో ఒకరి మీద ఇంకొకరు మీతో చెప్పుకున్న మాటలు బయటపెట్టక్కర్లేదు. ఆయన ఆస్తికి సంబంధించిన కాగితం, పాస్‌బుక్కు, రసీదు మాత్రం ఏదీ దాచొద్దు. ఆస్తిలో ఏదైనా మీరే కొనాలనుకుంటున్నారా? పాత కారైనా, గుంట భూమైనా వద్దు. ఎగ్జిక్యూటర్ తనే కొనుక్కుంటే, వేరేవాళ్ల పేరుతో కొన్నా సరే, ఆ అమ్మకాన్ని వాటాదారులు రద్దు చేయించవచ్చు. మొత్తం బాధ్యతే వద్దనుకుంటే పని మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా వదులుకోవాలి. మీరు ఇప్పటికే మొదలుపెట్టారు, కాబట్టి పూర్తిచేయడమే మంచిది.

ప్రశ్న: మాది నారాయణపేట వైపు, పుణెలో మేస్త్రీ పని. తాత వీలునామా రాసి పెదనాన్న చేతికిచ్చాడు, నేను పక్కనే ఉన్నా. రిజిస్టర్ కాలేదు. తాత పోయాక "అలాంటిదేం లేదు" అంటున్నాడు. పుణె నుంచి నేనేం చేయగలను?

జవాబు: తమ్మీ, రిజిస్టర్ కాకపోయినా ఆ వీలునామా చెల్లుతుంది. తాత సంతకమో వేలిముద్రో ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి. ఆ ఇద్దరు ఎవరో గుర్తు చేసుకో, నీ కేసుకు ప్రాణం వాళ్లే. పండక్కి వచ్చినప్పుడు వాళ్లను కలిసి, జరిగింది వాళ్ల మాటల్లో రాయించి సంతకం తీసుకో. వయసు పైబడినవాళ్లైతే దసరాదాకా కూడా ఆగొద్దు.

ఒకరి దగ్గర వీలునామా ఉందనిపిస్తే దాన్ని కోర్టుకు తెచ్చి ఇమ్మని ఆదేశించే అధికారం జిల్లా జడ్జికి ఉంది, 1925 చట్టం 267వ సెక్షన్. కాగితం దొరకదన్నా సరే, నమ్మదగ్గ కారణం ఉంటే ఆ మనిషిని పిలిపించి ప్రమాణం మీద అడగవచ్చు. దురుద్దేశంతో వీలునామాను దాచడం, చింపడం చిన్న నేరం కాదు. పాత ఐపీసీలో 477, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 343, శిక్ష యావజ్జీవం దాకా ఉంది. పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తమని నేను చెప్పడం లేదు. ముందు పెదనాన్నకు ఒక లాయరు నోటీసులో ఈ రెండూ రాయించు. దాచినవాడు కూడా చాలాసార్లు ఈ రెండు సెక్షన్ల పేరు చదివాక కాగితం "దొరికింది" అంటాడు.

ప్రశ్న: నకిరేకల్. నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు తమ్ముడు నామినీ. "నామినీని నేను, నీకు లెక్క చెప్పేదేంటి" అంటున్నాడు.

జవాబు: బ్యాంకు డిపాజిట్‌కు నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే మనిషి, అంతే. ఆ డబ్బు వీలునామా ఉంటే అందులో పేరున్నవాళ్లది, లేకపోతే వారసులందరిదీ. బ్యాంకు ఆయనకు ఇచ్చేసి చేతులు దులుపుకుంటుంది, మీరు ఆయన్ను అడగాలి. జీవిత బీమాలో మాత్రం తేడా ఉంది. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే డబ్బు సొంతంగా వాళ్లకే వెళ్తుంది. కాబట్టి ఏది డిపాజిట్టో, ఏది పాలసీనో ముందు విడదీసి అడగండి.

ప్రశ్న: కోదాడ. వీలునామా ఏమీ లేదు. అన్న మాకు చెప్పకుండా నాన్న భూమి మొత్తం విరాసత్ (వారసత్వం కింద పేరు మార్పిడి) చేయించుకున్నాడు.

జవాబు: వీలునామా లేదు కాబట్టి ఎగ్జిక్యూటర్ లేడు, అమ్మ, అన్న, మీరు సమాన వారసులు. పాస్‌బుక్కు ఒకరి పేరు మీద వచ్చినంత మాత్రాన మీ వాటా పోదు. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉన్న భూభారతి చట్టంలో విరాసత్‌కు నోటీసులు, విచారణ ఉన్నాయి, ఆర్డీఓకు అప్పీలు కూడా ఉంది. తహసీల్దార్ ఆర్డరు నకలు వెంటనే తీయండి, అప్పీలుకు గడువు ఉంటుంది. మీకు నోటీసు వచ్చిందని అందులో రాసి ఉంటే ఎవరు సంతకం పెట్టారో చూడండి. వాటా తేల్చాల్సింది మాత్రం సివిల్ కోర్టే, పార్టిషన్ దావా వేయాలి.

ప్రశ్న: వనపర్తి. మా మామగారు పాప చదువు కోసం 6 లక్షలు రాసి, పాపకు 21 ఏళ్లు వచ్చేదాకా మా మరిది ట్రస్టీగా చూసుకోవాలని వీలునామాలో పెట్టారు. పాపకు ఇప్పుడు పన్నెండు. నా భర్త లేరు. ఆ డబ్బు ఎక్కడుందని అడిగితే "పాప పెద్దయ్యాక పాపకే చెప్తా, నీకు కాదు" అంటున్నాడు.

జవాబు: అమ్మా, పాప మైనర్, మీరు తల్లి, సంరక్షకురాలు. పాప తరఫున అడిగే హక్కు మీదే, మీరు కాకపోతే ఇంకెవరు అడుగుతారు? ఇక్కడ మీ మరిది ఎగ్జిక్యూటర్‌కన్నా ఇంకా గట్టి కట్టుబాటులో ఉన్నాడు. భారత ట్రస్టుల చట్టం, 1882 19వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ లెక్కలు స్పష్టంగా రాసుకోవాలి, లబ్ధిదారు అడిగినప్పుడు ఆస్తి ఎంతుంది, ఏ స్థితిలో ఉంది అన్నది పూర్తిగా, నిజంగా చెప్పాలి. 57వ సెక్షన్ కింద ట్రస్టు కాగితం, ఖాతాలు, వోచర్లు చూసి నకళ్లు తీసుకునే హక్కు ఉంది. ఇవి 21 ఏళ్లు వచ్చాక మొదలయ్యే హక్కులు కావు.

21 ఏళ్లకు చెబుతాననడంలో ఉన్న ప్రమాదం మీకు తెలుసు. అప్పటికి డబ్బు లేకపోతే, కాలేజీ సీటు కూడా పోయాక, చెప్పి ఏం లాభం? ఉత్తరం రాయండి, పైన మిర్యాలగూడ అమ్మాయికి రాసిన తీరులోనే. మూడే అడగండి: ఆ 6 లక్షలు ఇప్పుడు ఏ బ్యాంకులో, ఎవరి పేరు మీద ఉన్నాయి? రసీదు జిరాక్సు ఇవ్వండి. ఇప్పటిదాకా వచ్చిన వడ్డీ ఏమైంది? రసీదు మీద పాప పేరు లేకుండా కేవలం మరిది పేరో, ఆయన భార్య పేరో ఉంటే ఆ రోజే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ట్రస్టీని మార్చమని కోర్టును అడగడానికి అది గట్టి కారణం. స్కూలు ఫీజు రసీదులన్నీ కూడా ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి. చదువుకని రాసిన డబ్బు నుంచి ఒక్క ఫీజు కూడా కట్టలేదని వాటితోనే చూపించాలి.